సాక్ష్యం చెప్పే వయసు

అటవీ హక్కుల చట్టం గురించి మాట్లాడేవాళ్ళం చట్టాన్ని చదువుతాం గానీ దాని నియమాల జోలికి పెద్దగా పోం. ఆ నియమాలు 2008 జనవరిలో వచ్చాయి. వాటిలో పదమూడోది, ఒక మనిషి ఫలానా అడవి భూమి తను సాగు చేసుకుంటున్నదేనని చెప్పడానికి ఏయే ఆధారాలు చూపించొచ్చో చెబుతుంది. గెజిటీర్లు, జనాభా లెక్కలు, సర్వే పటాలు, ఉపగ్రహ చిత్రాలు, ఓటరు కార్డు, రేషన్ కార్డు, ఇంటిపన్ను రసీదు. ఇట్లా సాగే జాబితాలో కిందికి వస్తే ఇంకో ఆధారం కనిపిస్తుంది. హక్కు కోరుతున్నవాళ్ళు కాకుండా వేరే పెద్దవాళ్ళు చెప్పిన మాటను రాసి పెడితే అది కూడా ఆధారమే.

నాకు ఆ మాట చాలా ఇష్టం. అడంగల్లో పేరు లేకపోతే మనిషే లేడనుకునే చోట, ముసలి మనిషి జ్ఞాపకం ఉపగ్రహ చిత్రం పక్కన కూర్చుంది. "ఈ చెలక వాళ్ళ తాత కొట్టిందే, నేను చిన్నప్పుడు అక్కడ పిట్టలు తోలేదాన్ని" అని ఒక అవ్వ చెబితే అది రికార్డు.

మరి ఆ అవ్వను ఎవరు చూసుకుంటున్నారు? ఆమె మాటను సాక్ష్యంగా ఒప్పుకున్న ప్రభుత్వం, ఆమె ఒంటినీ ఆమెను సాకే ఇంటినీ ఎట్లా చూసింది? ఈ ప్రశ్న పట్టుకుని ఖమ్మం, భద్రాచలం అడవి అంచు చరిత్రను మళ్ళీ చదివే ప్రయత్నం ఇది. ఇక్కడ కోయలున్నారు, కొండరెడ్లున్నారు. బస్తర్ నుంచి వచ్చి అడవిలో గుంపులు వేసుకున్న గుత్తికోయలున్నారు. కృష్ణా, గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మా లాంటి కుటుంబాలూ ఉన్నాయి. అందరిళ్ళలోనూ ముసలివాళ్ళున్నారు. అందరి ముసలితనమూ ఒకలా గడవదు.

*

ఆదివాసుల గురించి పట్నంలో ఒక మెచ్చుకోలు తరచుగా వింటుంటాం. "వాళ్ళలో వృద్ధాశ్రమాలుండవండీ. పెద్దవాళ్ళను ఇంట్లోనే కళ్ళలో పెట్టుకుని చూసుకుంటారు." మాటలో అబద్ధమేమీ లేదు. కానీ అది విన్నప్పుడల్లా నాకు ఇబ్బందిగా ఉంటుంది. చూసుకోవడం అనేది పుట్టుకతో వచ్చే గుణమైనట్టు, అడవిలో ఇప్పచెట్టు మొలిచినట్టు మొలుస్తుందన్నట్టు ఉంటుంది ఆ మాట.

చూసుకోవడం అంటే పని. పొద్దున లేచి జావ కాయాలి. నీళ్ళు తేవాలి. కాలు కదపలేని మనిషిని బయటికి తీసుకెళ్ళాలి, తిరిగి తేవాలి. చలికాలం రాత్రి నెగడు ఆరకుండా చూడాలి. ఇవన్నీ జరగాలంటే ఇంట్లో గింజలుండాలి, నీళ్ళు దగ్గర్లో ఉండాలి, కట్టెలుండాలి. అన్నిటికన్నా ముందు, పగటిపూట ఇంటి దగ్గర ఒక మనిషి ఉండగలగాలి. ఆ మనిషి చాలాసార్లు కోడలో కూతురో అయి ఉంటుంది.

ఇంకోవైపు కూడా చూడాలి. అడవి పల్లెలో ముసలివాళ్ళు పూర్తిగా ఒకరి మీద ఆధారపడి బతకరు. పోడు చేనులో జొన్న, సామ, కొర్ర, కంది, బొబ్బర్లు కలిపి చల్లుతారు. అన్నీ ఒకేసారి కోతకు రావు. ఒకటి అయ్యాక ఒకటి వస్తుంటాయి. మంచె మీద కూర్చుని పిట్టల్ని తోలడం, కంది కాయలు కోయడం, విత్తనం గింజలు ఏరి దాచడం లాంటి పనులు వంగిన నడుముతోనూ చేయొచ్చు. మార్చి నెలలో తెల్లారకముందే పిల్లలతో పాటు అవ్వలు కూడా ఇప్పపువ్వు ఏరడానికి వెళ్తారు. ఎండబెట్టిన పువ్వును కాపలా కాసేది వాళ్ళే. తల్లి తునికాకుకు పోతే చంటిపిల్లను ఎత్తుకునేదీ వాళ్ళే. ఇంటికి ఏదో ఒకటి ఇస్తూ, ఇంటి నుంచి తీసుకుంటూ ముసలితనం గడుస్తుంది.

కాబట్టి పెద్దవాళ్ళను బాగా చూసుకునే శక్తి చేనులో, వాగులో, చెట్టులో కొంత ఉంది. చేను పోతే ఆ శక్తి తగ్గుతుంది, మనసు ఎంత మంచిదైనా. ఈ ప్రాంతంలో చేను ఎట్లా పోయిందో చెప్పే చరిత్ర చాలానే రాశారు. పోయిన చేనుతో పాటు ముసలివాళ్ళ చోటు ఎట్లా పోయిందో రాసింది తక్కువ.

*

భద్రాచలం చాలా చేతులు మారింది. నిజాం 1860లో ఈ ఎగువ గోదావరి ప్రాంతాన్ని బ్రిటిష్ వాళ్ళకు వదిలేశాడు. మొదట అది సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉండేది. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు ప్రెసిడెన్సీలో గోదావరి జిల్లాకు కలిపారు. నదికి ఇవతల పాల్వంచ నైజాంలోనే ఉండిపోయింది. కోయ కుటుంబాల చుట్టరికాలు నదికి రెండు వైపులా ఉన్నాయి. సర్కార్లు మాత్రం రెండు.

సెంట్రల్ ప్రావిన్సెస్ పాలనలో రేకపల్లి వైపు పోడుకు పెద్దగా అడ్డు లేదు, గొడ్డలికి ఇంత అని పన్ను కట్టించుకునేవారు. మద్రాసు వాళ్ళొచ్చాక ఆ పన్ను దాదాపు మూడింతలైంది, కొన్ని అడవుల్లో పోడు కొట్టనివ్వలేదు. 1879లో రంప తిరుగుబాటు మొదలైతే రేకపల్లి కూడా ఎందుకు లేచిందో చెబుతూ 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీరే ఈ కారణం రాసింది. తిరుగుబాటును అణిచేశారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవికి రిజర్వు గీతలు పడ్డాయి.

గొడ్డలి పన్ను గురించి చదివినప్పుడు నేను ఒకచోట ఆగాను. గొడ్డలికి పన్ను వేయడమంటే చెట్టు కొట్టగలిగే చేతిని లెక్కపెట్టడం. మంచె మీద కూర్చున్న చేతిని, గింజలు ఏరిన చేతిని ఆ లెక్క చూడదు. పన్ను పెరిగి పోడు తగ్గితే గొడ్డలి పట్టే మనిషి కూలికి పోతాడు. వెదురు కూపుల్లోకి, తర్వాతి కాలంలో పొగాకు చేలల్లోకి, మిరప తోటల్లోకి. కూలిపనికి ముసలి మనిషిని పిలవరు. పోడు చేనులో డెబ్భై ఏళ్ళ అవ్వకు పని ఉంది. కూలి చేలో లేదు. ఇంట్లో ఆమె స్థానం మారడం అక్కడ మొదలైందని నా ఊహ. ఏ గెజిటీరూ ఈ మార్పును నమోదు చేయలేదు కాబట్టి ఊహ అనే అంటున్నాను.

ఆ కాలంలో కోయల జీవితం గురించి ఎక్కువ రాసినవాడు దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్. 1870ల నుంచి 'ఇండియన్ యాంటిక్వరీ'లో భద్రాచలం, రేకపల్లి తాలూకాల మీద వరసగా రాశాడు. తర్వాత థర్‌స్టన్ 1909లో వేసిన కులాలు, తెగల సంపుటాల్లో కోయల అధ్యాయం చాలావరకు కెయిన్ చెప్పిందే. పెళ్ళిళ్ళు, పండగలు, చావు తంతులు ఉన్నాయి. 1941లో నైజాం వైపు కొండరెడ్ల మధ్య తిరిగిన హైమెన్‌డార్ఫ్ 1945లో 'ద రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' వేశాడు. వీళ్ళందరికీ కథలు, వంశాలు, ఆచారాలు చెప్పినవాళ్ళలో పెద్దవాళ్ళు ఎందరో ఉండి ఉండాలి. జాతి శాస్త్రం మొత్తం ముసలివాళ్ళ నోటి మీదే నిలబడింది కదా. చావు తర్వాత ఏం చేస్తారో ఆ పుస్తకాల్లో పేజీలకు పేజీలు దొరుకుతుంది. చావుకు ముందటి పదేళ్ళు ఎట్లా గడుస్తాయన్నదానికి అంత చోటు లేదు.

*

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా తాతయ్య అరవైల్లో కృష్ణా జిల్లా నుంచి పాల్వంచ పక్కకు వచ్చాడు. అప్పటికి జిల్లా ఆకారం కూడా మారింది. 1953లో వరంగల్ నుంచి విడదీసి ఖమ్మం జిల్లా చేశారు, 1959లో భద్రాచలం డివిజన్‌ను తూర్పు గోదావరి నుంచి తెచ్చి అందులో కలిపారు. అదే 1959లో షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదలాయింపు నిబంధన వచ్చింది. 1970లో దాన్ని సవరించి, ఏజెన్సీలో గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా గట్టిగా బిగించారు. అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది దాన్నే. అయినా వలస ఆగలేదు. పాల్వంచలో థర్మల్ స్టేషన్, సారపాకలో పేపర్ మిల్లు, అశ్వాపురంలో భారజల కర్మాగారం, కొత్తగూడెం చుట్టూ సింగరేణి గనులు. పని ఉన్నచోటికి జనం వచ్చారు, పనితో పాటు భూమి కూడా వెతుక్కున్నారు.

మమ్మల్ని ఎవరూ వలసవాళ్ళని అనలేదు. "కోస్తా నుంచి వచ్చిన రైతులు" అనేవారు. ఒక్కోసారి సెటిలర్లు అనేవారు, అంతే. ఈ తేడా తర్వాత అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

మా నాయనమ్మ చివరి మూడేళ్ళు మంచం మీదే ఉంది. ఖమ్మంలో డాక్టరు, నెలనెలా మందులు, పక్కకు తిప్పే మంచం, అన్నీ అమరాయి. అమ్మ ఒక్కతే లేపలేక పక్కూరి కోయామెను పనికి పెట్టుకున్నాం. పొద్దున ఏడింటికి వచ్చి చీకటి పడ్డాక వెళ్ళేది. నాయనమ్మకు ఒళ్ళు తుడిచి, తల దువ్వి, అన్నం తినిపించేది. ఆమె అత్త కూడా ఇంట్లో మంచం మీదే ఉందన్న సంగతి ఒకరోజు మాటల్లో వచ్చింది. "మరి ఆమెను ఎవరు చూస్తరు?" అని అమ్మ అడిగితే, "చిన్నపిల్ల ఉంది గదమ్మా" అంది. ఆ చిన్నపిల్లకు పదకొండేళ్ళు.

ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. ఆమెకు కూలి కావాలి, మాకు సాయం కావాలి. కానీ ముసలివాళ్ళను చూసుకునే శ్రమ ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి ప్రవహిస్తుందో అక్కడ స్పష్టంగా కనిపించింది. భూమి ఏ దిక్కుకు పోయిందో ఆ శ్రమా ఆ దిక్కుకే పోయింది. దాని ఖాళీని బడి మానేసిన పిల్ల పూరించింది.

*

2005 సంవత్సరం ఈ అడవికి చాలా పెద్దది.

ఆ జూన్‌లో బస్తర్‌లో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులకు వ్యతిరేకంగా అన్న పేరుతో ఊళ్ళను ఖాళీ చేయించి జనాన్ని రోడ్ల పక్క శిబిరాలకు చేర్చారు. ఇళ్ళు తగలబడ్డాయి. అటు జుడుం, ఇటు మావోయిస్టులు. నడుమ నలిగిన వేలమంది అడవి దారి పట్టి ఖమ్మం, వరంగల్ జిల్లాల్లోకి వచ్చారు. చర్ల, దుమ్ముగూడెం, చింతూరు వైపు రిజర్వు అడవుల్లో గుంపులు లేచాయి. హ్యూమన్ రైట్స్ వాచ్ 2008లో వేసిన నివేదికలో ఈ కథంతా ఉంది, ఇక్కడ అటవీ శాఖ వాళ్ళ గుడిసెలను కూల్చిన సంగతితో సహా. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆ ప్రైవేటు సైన్యం పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. వచ్చినవాళ్ళలో చాలామంది తిరిగి వెళ్ళలేదు.

అదే ఏడాది ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సులు మొదలయ్యాయి. అదే ఏడాది డిసెంబరు 13 అనే తేదీ తర్వాత అటవీ హక్కుల చట్టంలోకి ఎక్కింది. గిరిజనులు ఆ తేదీకి ముందు నుంచీ ఆ అడవిలో ఉండి ఉంటేనే సాగుభూమికి హక్కు. గిరిజనేతరులైతే మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు ఉండాలి.

జూన్‌కీ డిసెంబరుకీ మధ్య ఆరు నెలలు. ఊరు తగలబడ్డాక ఆ ఆరు నెలల్లో ఇక్కడికి చేరి, అడవి కొట్టి, విత్తనం వేసి ఉంటే తప్ప గుత్తికోయ మనిషి ఈ చట్టంలో కనిపించడు. చాలామంది ఆ తర్వాతే వచ్చారు. పైగా గిరిజనులుగా గుర్తింపు కూడా లేదు. తెలంగాణ షెడ్యూల్డ్ తెగల జాబితాలో కోయల పక్కన డోలి కోయ, గుట్ట కోయ, కమ్మర కోయ లాంటి పేర్లు వరసగా ఉంటాయి. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయకు మాత్రం ఇక్కడి కుల ధ్రువపత్రం రాదు. అక్కడ గిరిజనుడు, రాష్ట్రం దాటితే వలసవాడు.

రెండేళ్ళ కింద ఒక మిత్రుడితో కలిసి చర్ల మండలం వైపు అట్లాంటి ఒక గుంపుకు వెళ్ళాను. మట్టి గోడలు, తాటాకు కప్పు, వాగు ఇసుకలో తీసిన చెలమ. పిల్లలు చాలామంది కనిపించారు, ఇరవైల్లో ముప్పైల్లో ఉన్న ఆడా మగా కనిపించారు. తల నెరిసినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఏ ఊళ్ళోనైనా చెట్టు కింద కనిపించాల్సిన ముసలివాళ్ళ గుంపు ఇక్కడ లేదు. మాతో తెలుగులో మాట్లాడిన కుర్రాణ్ణి అడిగాను. "మా తాత రాలే. నడవలేనన్నడు. ఎడ్లు ఉన్నయ్ గదా, చూస్కుంట ఉంట, మీరు పోండ్రి అన్నడు" అని చెప్పాడు. ఆ తాత ఏమయ్యాడో నేను అడగలేదు, అతనూ చెప్పలేదు.

అక్కడున్న అవ్వ ఒకామె చాలాసేపు మాట్లాడింది. కుర్రాడు తెలుగులోకి మారుస్తుంటే విన్నాను. వదిలొచ్చిన ఊరి గురించి. ఏ ఇప్పచెట్టు ఎవరిది, ఏ వాగు పక్క చేను ఎవరు కొట్టారు, చనిపోయినవాళ్ళ పేర నిలబెట్టిన రాళ్ళలో ఏది ఎవరిది. మొదట్లో రాసుకున్నానే, పదమూడో నియమం, దానికి ఇంతకన్నా మంచి సాక్షి దొరకదు. కానీ ఆమె సాక్ష్యం చెప్పగలిగిన భూమి అంతా ఇంకో రాష్ట్రంలో ఉంది. ఇక్కడి భూమి గురించి ఆమె జ్ఞాపకం 2005 తర్వాతే మొదలవుతుంది. నడవగలిగి రావడం వల్ల ఆమె ప్రాణం దక్కింది, మాట చెల్లకుండా పోయింది.

పింఛను గురించి అడిగితే ఆ కుర్రాడు నవ్వాడు. "ఆధార్ ఛత్తీస్‌గఢ్‌ది. ఈడ రాదు. ఆడికి పోతే మీరు ఈడ ఉంటలేరు గదా అంటరు."

మాటల మధ్యలో గమనించాను, ఆ గుంపులో ముసలివాళ్ళను చూసుకోవడం మనం ఊహించే పద్ధతిలో లేదు. రక్తసంబంధం లేని నాలుగిళ్ళవాళ్ళు ఆ అవ్వకు వంతులవారీగా జావ పంపిస్తున్నారు. కొడుకు, కోడలు మిర్చి ఏరడానికి పోయినప్పుడు పక్కింటివాళ్ళే ఆమెకు దిక్కు. కుటుంబం చెదిరినచోట కొత్తగా కుటుంబాన్ని కూర్చుకున్నారు. పిల్లలంతా ఆమెను అవ్వ అనే పిలుస్తున్నారు.

ఇవతలివాళ్ళ బాధ లేదని కాదు. స్థానిక కోయలకు ఉన్న అడవే తగ్గిపోతోంది, అందులో ఇంకొకరు వచ్చి కొడితే గొడవలు రాకుండా ఉండవు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో పోడు తగాదాలో ఒక అటవీ రేంజ్ అధికారి హత్య జరిగింది. ఆయన తన విధిలో ఉన్న మనిషి, ఆయనకూ ఇల్లుంది. ఆ తర్వాత గుత్తికోయలను ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని అక్కడి గ్రామ పంచాయతీ తీర్మానం చేసింది. ఒక గుంపు మొత్తాన్ని పంపడమంటే మళ్ళీ నడక. మళ్ళీ ఎవరో ఒక అవ్వ, నేను రాలేనంటుంది.

*

ఊళ్ళోనే ఉన్నవాళ్ళ పరిస్థితి అయినా నిలకడగా లేదు. పోలవరం కోసం 2014లో, రాష్ట్రం విడిపోయే ముందురోజుల్లో ఆర్డినెన్సు తెచ్చి, తర్వాత చట్టం చేసి, ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు వెళ్ళిపోయాయి. భద్రాచలం మండలం కూడా వెళ్ళింది, పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలింది. 1874లో ఒకసారి, 1959లో ఒకసారి, 2014లో ఇంకోసారి. తొంభై ఏళ్ళు బతికిన కూనవరం కోయ ముసలాయన కదలకుండా కూర్చుని మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇప్పటి ఆంధ్రప్రదేశ్ దాకా ప్రయాణం చేసినట్టే. ఇప్పుడు ఊరే కదలాలంటున్నారు.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 1986లో 75.6 అడుగులు వచ్చిందని ఊరి పెద్దలకు గుర్తు. నీళ్ళు ఎంతదాకా వస్తాయో, ఏ దిబ్బ మునగదో వాళ్ళకు తెలుసు. పునరావాస కాలనీలో ఆ తెలివికి పని లేదు. కాలనీ ఇంటికి నాలుగు గోడలుంటాయి, ఇప్పచెట్టు ఉండదు, మంచె ఉండదు. రోజంతా అరుగు మీద కూర్చోవడం తప్ప అవ్వకు ఇంట్లో చేయడానికి ఏమీ మిగలదు.

*

ఇక వయసు సంగతి. పుట్టిన తేదీ ఎక్కడా రాయని జనానికి వయసు అంటే వరద, కరువు, ఎవరి పెళ్ళి ముందు ఎవరి పెళ్ళి. పథకాలకు అంకె కావాలి. తెలంగాణలో ఆసరా పింఛను 2014 నవంబరులో మొదలైంది. 2019లో వృద్ధులకు నెలకు 2,016 రూపాయలైంది. తర్వాత వయసును 65 నుంచి 57కు తగ్గించారు. ఆ డబ్బు చిన్నదేమీ కాదు. కోడలి చేతిలో నెలకు రెండువేలు పెట్టగలిగిన అత్తకు ఇంట్లో మాట దక్కుతుంది. కానీ అది ఆధార్‌లో ఎవరో ఉజ్జాయింపుగా వేసిన ఏడాది మీద ఆధారపడి ఉంది. కంప్యూటరు ముందు కూర్చున్నాయన అయిదేళ్ళు తక్కువ వేస్తే అయిదేళ్ళు పింఛను ఆగినట్టే.

ఇంకో అంకె చూడండి. ఆదివాసుల్లో ఎక్కువగా ఉండే సికిల్ సెల్ జబ్బును తొలగించడానికి 2023 జూలైలో జాతీయ కార్యక్రమం మొదలైంది. 7 కోట్ల మందికి పరీక్షలన్నారు, 40 ఏళ్ళ లోపువాళ్ళకు. పిల్లలకు రాకుండా ఆపడం ఉద్దేశం కాబట్టి ఆ వయసు పెట్టుకున్నారు, అందులో తర్కం ఉంది. అయితే ఒక కోయ మనిషి వైపు నుంచి చూస్తే 40 దాటాక ఆ పరీక్ష లక్ష్యంలో లేడు, 57 దాకా పింఛను లేదు. చిన్నప్పటి నుంచి బరువులు మోసి, జ్వరాలు పడి, సగం కడుపుతో పనిచేసిన ఒంటికి ముసలితనం ఆ మధ్యలోనే వచ్చేస్తుంది. ఆస్ట్రేలియాలో వృద్ధుల సంరక్షణ సేవలు మామూలుగా 65 ఏళ్ళకు అందుతాయి, అక్కడి ఆదివాసులకు 50కే. వాళ్ళ ఒళ్ళు ముందే అరిగిపోయిందని, అందులో చరిత్ర పాత్ర ఉందని ఆ దేశం ఒక అంకె రూపంలో ఒప్పుకుంది. తెలంగాణ వృద్ధాప్య పింఛనులో ఆదివాసులకు వేరే వయసు లేదు.

తల్లిదండ్రుల పోషణ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు చూడకపోతే ఆర్డీవో దగ్గరికి వెళ్ళొచ్చు, పిల్లలు నెలకు ఇంత ఇవ్వాలని ట్రిబ్యునల్ చెప్పొచ్చు. జిల్లాకు ఒకటైనా 150 మంది పేద వృద్ధులకు సరిపోయే ఆశ్రమం కట్టొచ్చనీ ఆ చట్టంలో ఉంది. ఆస్తి తీసుకుని అమ్మను బయటికి తోసిన కొడుకు కోసం ఆ చట్టం రాశారు, అట్లాంటి కొడుకులు మా వైపు ఉన్నారు కూడా. తల్లిని సాకాలనే ఉండీ, సాకే చేను చేతిలో లేని కొడుకుకు ఆ చట్టంలో ఏ సెక్షనూ లేదు. అతని తల్లి ఎవరి మీద ఫిర్యాదు చేయాలి? 1882 నాటి చట్టం మీదనా, 2005 డిసెంబరు 13 మీదనా?

*

ఈ వైపు 'డోలి' అనే మాట రెండు చోట్ల వినిపిస్తుంది. కోయల్లో వంశాల కథలు, వేల్పుల కథలు పాడే డోలివాళ్ళున్నారు, వాళ్ళు వాయించే వాద్యం డోలి. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది ఆ విద్యకే. సమ్మక్క సారలమ్మల కథ ఆయన గొంతులో ఉండేది. 2024లో ఆయన చనిపోయారు. ఇంకో డోలీ, రోడ్డు లేని ఊరి నుంచి జబ్బు మనిషిని కర్రకు దుప్పటి కట్టి మోసుకొచ్చేది. 108 ఫోను ఎత్తుతుంది గానీ బండి ఆగేది రోడ్డు ఉన్నంతవరకే. అక్కడి దాకా ఈ డోలీయే. భద్రాచలం ఏరియా ఆస్పత్రికి తెలంగాణ, ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశా నాలుగు వైపుల నుంచీ జనం వస్తారు. ఆ నాలుగు దారుల చివర్లలోనూ డోలీ ఇంకా ఉంది.

ఒక డోలి జ్ఞాపకాన్ని మోస్తుంది, ఇంకోటి జ్ఞాపకం ఉన్న మనిషిని మోస్తుంది. రెంటినీ మోస్తున్నవి ఆదివాసుల భుజాలే. మన చరిత్రకారులం మొదటిదాన్ని రికార్డు చేస్తాం, రెండోదాన్ని ఆరోగ్య శాఖ వార్తగా చదివి పక్కన పెడతాం.

2023 జూన్ 30న తెలంగాణలో నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాల పంపిణీ మొదలైంది, దాదాపు లక్షన్నర మందికి. చాలా ఇళ్ళలో సంతోషం నిండింది, నిండాలి కూడా. ఆ అర్జీల వెనక ఎక్కడో ఎంతోమంది పెద్దవాళ్ళు గ్రామసభలో లేచి నిలబడి చెప్పిన మాటలున్నాయి. ఆ కాగితాలు ఆఫీసుల్లో ఫైళ్ళుగా ఉండాలి. నా దృష్టిలో అవి ఈ అడవికి మనకున్న కొత్త గెజిటీర్లు, ఈసారి దొరలు కాకుండా అవ్వలు చెప్పినవి. వాటిని ఎవరైనా చదివి అచ్చువేస్తే బాగుంటుంది. గుత్తికోయ అవ్వలు వదిలొచ్చిన ఊళ్ళ గురించి చెప్పేవి కూడా ఇప్పుడే రాసి పెట్టాలి. ఈ రాష్ట్రంలో అవి ఏ హక్కుకూ పనికిరావు. రేపు బస్తర్‌లో ఆ ఊళ్ళవాళ్ళు తిరిగి వెళ్ళి భూమి అడిగితే, ఆ చెలక ఎవరిదో చెప్పగలిగినవాళ్ళు చర్ల అడవిలో చెలమ నీళ్ళు తాగుతూ ఉన్నారు.

దానికి ముందు వాళ్ళు బతికి ఉండాలి. వాళ్ళకు పొద్దున జావ కాచేవాళ్ళు ఇంటి దగ్గర ఉండగలగాలి. అది జరగాలంటే పింఛను రాష్ట్రం దాటి మనిషి వెంట రావాలి, ఇంటి దగ్గర ఉన్న కోడలు ఆ పూట కూలి పోగొట్టుకోకూడదు, ఆ పదకొండేళ్ళ పిల్ల బడిలో ఉండాలి. పదమూడో నియమంలో ఇవేవీ రాసి లేవు. సాక్షి ఉంటాడని మాత్రం ఆ నియమం నమ్మింది.